దద్దుర్లకు గుడ్డు మానిపిస్తే ఎట్లా?

మొన్న ఎనుమాముల మార్కెట్ నుంచి వస్తూ కొత్తవాడలో తెలిసినవాళ్ల ఇంటికి వెళ్లాను. జంపఖానాలు నేసే ఇల్లు. కూతురు, అల్లుడు ఊళ్లో ఎకరంన్నర పత్తి చేసుకుంటుంటే మూడేళ్ల మనుమడు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. పిల్లవాడి ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు, పై పెదవీ కనురెప్పలూ ఉబ్బి ఉన్నాయి. "నిన్న పొద్దున అంగన్‌వాడీల గుడ్డు తిన్నడు, గదే పడలే. ఇగ గుడ్డు బంద్" అన్నది అమ్మమ్మ. పక్కింటామె జంపఖానా రంగు మీదికి తోసింది. నాలుగు రోజుల కిందటి జలుబు, జ్వరం ఎవరికీ గుర్తు లేదు.

రైతు సోదరులారా, చిన్నపిల్లలకు ఉన్నట్టుండి లేచే దద్దుర్లకు ఎక్కువసార్లు కారణం ఆ జలుబు, జ్వరం తెచ్చే వైరస్సే. గుడ్డు, పాలు, పల్లీలు, చేపలు, కొన్ని మందులు, తేనెటీగ కాటు కూడా కారణం కావచ్చు, కాదనను. కానీ తిండి పడకుంటే సాధారణంగా తిన్న నిమిషాల్లోనో, రెండు గంటల్లోపో తెలిసిపోతుంది. అట్లా వస్తే ఆ ఒక్కటి ఆపి డాక్టరుకు చెప్పాలి. ఏడాదిగా తింటున్న గుడ్డు మీద, తిన్న మర్నాడు లేచిన దద్దురుకు నేరం మోపుడేంది? మిరపలో పైముడతకు తామర పురుగు, కింది ముడతకు నల్లి అని ఆకు తిప్పి చూసి మందు కొట్టే మనం, పిల్లల దగ్గరికి వచ్చేసరికి విచారణే చేయం. పేదింట్లో గుడ్డు, పప్పు నెలల తరబడి మానిపిస్తే దద్దురు కన్నా ఆ నష్టమే పెద్దది.

ఒక్కో దద్దురు 24 గంటల్లోపు మచ్చ లేకుండా పోయి ఇంకోచోట లేస్తుంది. చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. ఆరు వారాలు దాటితే వేరే పరీక్ష అవసరం. గొంగడి కప్పి రుద్దకండి, వేడికి దురద పెరుగుతుంది. తడిగుడ్డ వేయండి. సెట్రిజిన్ సిరప్ మంచిదే, అయితే ఎంత పోయాలో డాక్టరునే అడగండి.

నాలుక ఉబ్బినా, గొంతు బొంగురుపోయినా, పిల్లికూతలు వినిపించినా, వాంతులై పిల్లవాడు వాడిపోయినా సిరప్ పోసి చూద్దామని కూచోవద్దు. వెంటనే 108కు ఫోన్ చేయండి. అప్పుడు ప్రాణం నిలిపేది తొడకు వేసే అడ్రినలిన్ సూదే.

మా కొత్తవాడ పిల్లవాడికి అంతదాకా రాలేదు. డాక్టరు జలుబు సంగతే అడిగి సిరప్ రాశాడట. రెండో రోజుకు పెదవి వాపు తీసిందని కబురొచ్చింది. గుడ్డుకు మాత్రం అమ్మమ్మ ఇంకా ఒప్పుకోలేదు. వచ్చేవారం మార్కెట్‌కు పోయినప్పుడు మళ్లీ వెళ్లి అడుగుతాను.