తెల్లబట్ట గురించి అడిగితే తప్పా?

"కడుపుతో ఉన్నప్పుడు అందరికీ అయ్యేదేలేమ్మా, దీనిక్కూడా ఆసుపత్రికొస్తారా?"

రెండో కాన్పుకి ఆరో నెలలో ఉండగా ఒక ప్రభుత్వాసుపత్రి ఓపీలో నాకు దొరికిన వైద్యం ఈ మాటే. అప్పటికి పది రోజులుగా దురదతో నిద్ర లేదు. మూత్రానికి వెళితే మంట. విరిగిన పాలలా తెల్లబట్ట. డాక్టరు బల్ల చుట్టూ ఇంకో ఐదుగురున్నారు, అందులో ఒకావిడ భర్త కూడా. గొంతు తగ్గించి చెప్పాను. "గట్టిగా చెప్పు" అన్నారు. బరువు తూచారు, బి.పి. చూశారు. లోపలి పరీక్ష మాత్రం చేయలేదు. పేరైనా చెప్పకుండా ఒక మాత్ర చేతిలో పెట్టి పంపేశారు.

ఇంటికొస్తే అత్తగారు వేడి చేసిందన్నారు. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, పలచటి మజ్జిగ. ఆవిణ్ణి తప్పుపట్టను, తన మూడు కాన్పులూ ఆవిడ మజ్జిగతోనే నెట్టుకొచ్చారు. నా భర్త మాత్రం "ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నావ్?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు నేనింకా మర్చిపోలేదు.

ఎక్కణ్ణుంచీ తెచ్చుకోలేదు. కాండిడా అనే ఈ సూక్ష్మజీవి చాలామంది ఆడవాళ్ల ఒంట్లో ఏ బాధా పెట్టకుండా ఉంటుంది. గర్భంతో ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ పెరిగి, యోని గోడల్లో గ్లైకోజెన్ ఎక్కువగా చేరుతుంది. దాంతో ఇది విజృంభిస్తుంది. షుగరు ఉంటే మరీను. అందుకే మళ్లీ మళ్లీ వస్తుంటే షుగరు పరీక్ష చేయించాలి. గర్భిణికి తెల్లబట్ట కాస్త ఎక్కువ కావడం మామూలే, కాదనను. దురద, మంట, దుర్వాసన మామూలు కాదు. ఈ తేడా చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

నీచు వాసనతో, పలచగా, బూడిదరంగులో అయితే అది వేరు. బాక్టీరియల్ వజైనోసిస్ కావచ్చు. యోనిలో ఆమ్లం తయారుచేసి కాపాడే లాక్టోబాసిల్లస్ తగ్గిపోయి వేరే బాక్టీరియా పెరగడం. సబ్బులతో, డెట్టాలుతో లోపల కడిగితే ఇంకా పాడవుతుంది. నెలలు నిండని కాన్పులకీ దీనికీ సంబంధం కనిపించింది. నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం ఎక్కువగా లేని గర్భిణులకి, ఏ బాధా లేనప్పుడు ఈ పరీక్ష అక్కర్లేదని 2020లో అమెరికా నిపుణుల బృందం చెప్పింది. సరే. బాధ ఉందని నోరు తెరిచి చెబుతున్నదాని సంగతేమిటి? పి.హెచ్. కాగితం ముక్క, గాజు పలక, మైక్రోస్కోపు. ఇవి లేని ఆసుపత్రులా మనవి?

ఇక ఆ మాత్ర. తెల్లబట్టకని నాకో రూపొందించిన ఆకుపచ్చ కిట్‌లో ఉండేవి సెక్నిడజోల్, ఫ్లూకొనజోల్. ఫ్లూకొనజోల్ మాత్రలు గర్భిణులకు ఇవ్వకూడదు, యోనిలో పెట్టుకునే క్లోట్రిమజోల్ వారం రోజులు వాడాలి. ఈ సంగతి నాకు కాన్పయ్యాక తెలిసింది. నేను మింగింది ఏమిటో ఈనాటికీ తెలియదు. చీటీ మీద గీతలు తప్ప అక్షరాలు లేవు.

ఆడవాళ్లు సిగ్గుపడి చెప్పరు అంటారు. మన సరిహద్దు దాటితే గడ్చిరోలి. అక్కడ రెండు ఊళ్లలో రాణీ బంగ్, అభయ్ బంగ్ 650 మంది స్త్రీలని పరీక్షించారు, 1989లో లాన్సెట్ పత్రికలో ఆ వివరాలు వచ్చాయి. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ వ్యాధి. అంతకుముందు ఎన్నడైనా లోపలి పరీక్ష జరిగింది నూటికి 8 మందికే. వాళ్లంతా సిగ్గుతోనే ఆగిపోయారా? ఐదుగురి ముందు గట్టిగా చెప్పమన్నాక ఇంకేం చేస్తారు?

2016 నుంచి ప్రతి నెలా 9న సురక్షిత మాతృత్వ అభియాన్ పేరుతో గర్భిణులకి పరీక్షలు జరుగుతున్నాయి. మొన్న మా చెల్లెలితో వెళ్లాను, దానికి నాలుగో నెల. పరీక్ష బల్ల దగ్గర కర్టెన్ తీగ ఉంది, కర్టెన్ లేదు. అడిగితే, మీ సంఘం వాళ్లే కొనివ్వకూడదా అన్నారు. కొనివ్వం. కర్టెన్ కట్టాలనీ, పరీక్షకి ముందు మా అనుమతి అడగాలనీ, మందు పేరు తెలుగులో రాసివ్వాలనీ సూపరింటెండెంటుకి ఉత్తరం రాశాం. పదహారు మంది సంతకాలు పెట్టారు. మా అత్తగారు వేలిముద్ర వేశారు. వచ్చే 9న జవాబు కోసం వెళుతున్నాం.