ఇంటర్వ్యూ గది బయట మన పిల్లలు

ఇటీవల హిందూపురంలో జుమా నమాజు ముగిశాక ఒక యువకుడు మా వద్దకు వచ్చాడు. ఐటీఐలో ఫిట్టర్ కోర్సు పూర్తి చేసినవాడు. ఒక కంపెనీ రాతపరీక్షలో నెగ్గి, ఇంటర్వ్యూ దాకా వెళ్లి, ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు. ‘పని గురించి రెండే ప్రశ్నలు అడిగారు చాచా, శుక్రవారం సెలవు పెడతావా అని మాత్రం మూడుసార్లు అడిగారు’ అన్నాడు. ఆ కంపెనీ పేరు వ్రాయము. నాలుగు గోడల మధ్య జరిగినదానికి మా వద్ద సాక్ష్యం లేదు.

పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారానికి 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. 2019లో కార్లు బయటికి వచ్చాయి. ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యం గల ఆ కర్మాగారం చుట్టూ విడిభాగాల పరిశ్రమలు వెలిశాయి. ధర్మవరంలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టి బ్రతుకు గడిపిన తండ్రి, హిందూపురం చింతపండు మండీలో మూటలు మోసిన తండ్రి, తన బిడ్డ కంపెనీ బస్సు ఎక్కాలని కోరుకోవడంలో అత్యాశ ఏమున్నది?

పేరు చూసి పక్కన పెట్టడం మన అనుమానం మాత్రమే కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ప్రైవేటు సంస్థల 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. సమాన అర్హతలే చూపి, పేర్లు మాత్రం మార్చారు. ఉన్నత కులపు హిందూ పేరుతో పోల్చితే ముస్లిం పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడో వంతుగా తేలింది. బీసీ-ఇ కింద లభించే 4 శాతం రిజర్వేషన్ ప్రభుత్వ కొలువులకూ విద్యాలయాలకూ పరిమితం. ప్రైవేటు ఫ్యాక్టరీ గేటు వద్ద అది చెల్లదు. సచార్ కమిటీ 2006లో సూచించిన సమాన అవకాశాల కమిషన్ నేటికీ ఏర్పడలేదు. స్థానికులకు 75 శాతం ఉద్యోగాలన్న 2019 నాటి రాష్ట్ర చట్టం, తగిన అర్హులు దొరకనిచోట మూడేళ్లలో శిక్షణ ఇచ్చి తీసుకోవాలన్నది. మన మూడు పట్టణాలలో ఎందరికి ఆ శిక్షణ అందిందో మన ప్రజాప్రతినిధులను అడుగవలసి ఉన్నది. అడుగకుండా సిఫారసు చీటీ కోసం వారి గుమ్మం వద్ద నిలబడటం మన తప్పు. ఉద్యోగం ఇప్పిస్తామనే దళారులకు ఇంటి నగలు కుదువపెట్టి డబ్బు కట్టడం అంతకంటె పెద్ద తప్పు.

మేము దశాబ్దాల పాటు ప్రభుత్వ ఫైళ్ల మధ్య గడిపినవారము కనుక మరొక మాట చెప్పక తప్పదు. పదో తరగతి పత్రంలో ‘షేక్’ ఒక స్పెల్లింగులో ఉంటుంది, ఆధార్‌లో మరొక స్పెల్లింగులో ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఒట్టి ‘ఎస్’ ఉంటుంది. ‘బాషా’ ఒకచోట ముందు, ఒకచోట వెనుక. చేరే రోజున ఎవరూ పట్టించుకోరు. పని మానిన తర్వాత పీఎఫ్ సొమ్ము అడిగితే వివరాలు సరిపోలడం లేదంటూ దరఖాస్తు తిరిగివస్తుంది. ఆధార్‌లో పేరు మార్పుకు జీవితంలో రెండే అవకాశాలు. వాటిని తొందరపాటుతో పోగొట్టుకోరాదు. ముందు పదో తరగతి పత్రాన్ని సరిచూసుకుని, తప్పుంటే ప్రధానోపాధ్యాయుని ద్వారా దరఖాస్తు చేసి, మిగిలినవాటిని దాని ప్రకారం దిద్దించుకోవాలి.

పని దొరికినవారిలోనూ తనకు జీతమిచ్చేది కంపెనీయా, కాంట్రాక్టరా అన్నది తెలియనివారు ఎందరో. నియామక పత్రం అడిగి తీసుకోండి. పీఎఫ్, ఈఎస్‌ఐ నంబర్లు మొదటి నెలలోనే వ్రాసి ఉంచుకోండి. కాంట్రాక్టరు జీతం ఎగవేస్తే అసలు కంపెనీయే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం నాడే నిర్దేశించింది.

ఇక శుక్రవారం సంగతి. ఐదు గంటల పనికి మించకుండా కనీసం అరగంట విరామం ఇవ్వాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నియమం. ఆ అరగంటను జుమా వేళకు సర్దమని ఇంటర్వ్యూలోనే మర్యాదగా అడుగవచ్చు. దాచిపెట్టి, చేరిన తర్వాత చెప్పకుండా లైను విడిచిపోతే వెనుక వచ్చే పిల్లలకు దారి మూసినవారమవుతాము. మస్జిద్ కమిటీలు కూడా దగ్గరలోని ఫ్యాక్టరీ వేళలు చూసి రెండవ జమాఅత్ ఏర్పాటు గురించి ఆలిములతో సంప్రదించాలి. హిజాబ్‌తో వెళ్లే ఆడపిల్లల విషయం ఇంతకంటె క్లిష్టమైనది. దానికి వచ్చే సంచికలో వేరుగా చోటిస్తాము.

ఆ ఫిట్టరు కుర్రవాడు మళ్లీ దరఖాస్తు పెట్టాడు. ఈసారి పత్రాలన్నీ మేమే దగ్గరుండి సరిచూశాము. అతని తండ్రి పేరు మూడుచోట్ల మూడు విధాలుగా ఉన్నది.