కొత్త రంగు కింద పాత చెమ్మ

ఎండాకాలంలో ఇల్లు చూస్తారు. వైశాఖంలో పాలు పొంగిస్తారు. ఆషాఢం వచ్చేసరికి పడకగది గోడ మీద అరచేయంత మచ్చ తేలుతుంది. శ్రావణానికి అది పాకి పెచ్చులూడటం మొదలవుతుంది. బీరువా వెనక బూజు వాసన. అప్పటికి బ్యాంకు వాయిదాలు రెండో మూడో కట్టి ఉంటారంతే. హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా పాత ఫ్లాట్‌తో సొంతింటి కల నెరవేర్చుకున్న చాలా కుటుంబాలకు ఇది తెలిసిన వరసే.

మరి కొనేటప్పుడు ఎందుకు కనపడలేదు? రంగులు వేయించి అమ్మడం ఎవరైనా చేసేదే, తప్పు పట్టలేం. కానీ ఇల్లంతా పాత రంగే ఉండి ఒక్క గోడకే కొత్త లప్పం కనిపిస్తే మాత్రం ఆగి అడగాల్సిందే. బ్యాంకు ఇంజినీరు చూశాడుగా అన్న ధీమా పనికిరాదు. ఆయన చూసేది కొలతలు, మార్కెట్ విలువ. లాయరు చూసేది కాగితాలు. చెమ్మ ఎవరి లెక్కలోకీ రాదు.

అందుకే వీలైతే ఓ గట్టి వాన పడ్డాక మళ్లీ వెళ్లాలి. మంచాలు, బీరువాలు జరిపించి వెనక గోడ తడిమి చూడాలి. మొహమాటపడితే నష్టం కొనేవాళ్లకే. కింది ఫ్లాట్‌వాళ్లతో ఐదు నిమిషాలు మాట్లాడితే ఇంకా మంచిది. పైవాళ్ల స్నానాలగది కారుతోందో లేదో చెప్పేది వాళ్ల సీలింగే మరి.

మచ్చ ఎక్కడుందన్నదే సగం జవాబు. నేల దగ్గర మొదలై రెండుమూడడుగుల ఎత్తులో ఆగి, తెల్లగా ఉప్పు పూస్తోందా? దీపం వత్తి నూనె పీల్చినట్టు ఇటుకలు భూమిలోని తడిని పీలుస్తున్నాయన్నమాట. పునాదిపై గోడ మొదలయ్యేచోట చెమ్మను ఆపే పొర సరిగా వేయకపోతే ఇలా అవుతుంది. రోడ్డు మీద రోడ్డు వేసి, బయటి మట్టం ఆ పొరను దాటిపోయినా ఇంతే. సీలింగు మచ్చ వానలతో వచ్చి పోతుంటే టెర్రస్‌నో, పారాపెట్ గోడ పగుళ్లనో అనుమానించాలి. వాన లేని రోజుల్లోనూ తడిగానే ఉంటే పైపులో, నహానీ ట్రాప్ అతుకో కారణం. ఆ ట్రాప్‌ను మూసి, స్నానాలగదిలో నీళ్లు నిలిపి, 24 గంటల తర్వాత కింది సీలింగు చూస్తే గుట్టు తెలిసిపోతుంది.

చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఆ తర్వాతే. పెయింటర్‌ను పిలిచి, పెచ్చులు గీకించి, వాటర్‌ప్రూఫ్ రంగు పూయిస్తారు. నీళ్లొచ్చే దారి మూయకుండా లోపల ఎంత ఖరీదైన రంగు పూసినా తడి పక్కకు జరిగి మరోచోట తేలుతుంది. ముందు కారడం ఆగాలి. తర్వాత గోడ ఆరాలి. బాగా తడిసిన ఇటుక గోడ ఆరడానికి నెలలు కూడా పడుతుంది. ఈలోగా ఉప్పును తడిగుడ్డతో తుడవకూడదు, కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్‌తో రాల్చేయాలి. ప్లాస్టరింగ్, లప్పం, రంగు అన్నీ ఆ తర్వాతే.

బేరం మాత్రం అగ్రిమెంటుకు ముందే తేలాలి. మరమ్మతుకు ఎంతవుతుందో తెలిసిన మేస్త్రీతో రాయించుకుని, ఆ మొత్తం ధరలో తగ్గించమని అడగొచ్చు. తప్పు పైఫ్లాట్‌ది అయితే వాళ్లు బాగు చేయించాకే రిజిస్ట్రేషన్ అని అగ్రిమెంటులో రాయించుకోవాలి. సంతకాలయ్యాక ఆ మాట వినేవారుండరు.

బిల్డరు దగ్గర కొన్న కొత్త ఫ్లాట్ అయితే 2016 నాటి రెరా చట్టం అండగా ఉంది. ఇల్లు స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో లోపాలు బయటపడి, కొన్నవాళ్లు తెలియజేస్తే బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. లేదంటే పరిహారం ఇవ్వాలి. ‘‘కొత్త గోడలు కదండీ, ఎండకు అదే ఆరిపోతుంది’’ అన్న మాట నమ్మి ఊరుకోకుండా, ఫొటోలు జతచేసి, తేదీ వేసి ఉత్తరం రాయడం మేలు. గడువు లెక్కంతా స్వాధీనం చేసిన తేదీ మీదే ఆధారపడుతుంది కాబట్టి ఆ పత్రాన్నీ సేల్‌డీడ్‌తో పాటే దాచుకోవాలి.