డ్రైవరు సీటు ఖాళీ!

ప్రాణస్నేహితుడు రోడ్డు ప్రమాదంలో పోతే ఎవరైనా ఏం చేస్తారు? కుమిలిపోతారు. కొన్నాళ్లు ఆ దారిన వెళ్లడమే మానేస్తారు. చివరికి తలరాత అని సరిపెట్టుకుంటారు. సెబాస్టియన్ థ్రన్ మాత్రం సరిపెట్టుకోలేదు. స్నేహితుణ్ని పోగొట్టుకునేనాటికి అతనికి పద్దెనిమిదేళ్లు. ఏటా పదిలక్షల ప్రాణాలు కాపాడే పనికి జీవితాన్ని అంకితం చేయాలని అప్పుడే అనుకున్నానని 2011లో ‘టెడ్’ వేదికమీద చెప్పాడు.

పద్దెనిమిదేళ్ల వయసులో అలా అనుకోవడం తేలికే. నిలబడటమే కష్టం.

థ్రన్ 1967లో జర్మనీలోని సోలింగెన్‌లో పుట్టాడు. కంప్యూటర్లు చదివాడు. బాన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ అందుకుని, 1995లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ చేరాడు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం. అక్కడ రోబోల పరిశోధనకు ప్రత్యేకంగా ఒక సంస్థ ఉంది. 1979లో దాన్ని నిలబెట్టి, తొలి డైరెక్టరుగా నడిపించింది ఎవరో తెలుసా? మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌రెడ్డి. కంప్యూటర్ రంగంలో నోబెల్‌గా చెప్పుకునే ట్యూరింగ్ అవార్డు ఆయనకు 1994లో వచ్చింది. తనంతట తాను స్టీరింగ్ తిప్పుకునే వాహనాలమీద ఆ సంస్థ ఎనభైల నుంచే పనిచేస్తోంది. థ్రన్ మాత్రం మొదట మ్యూజియాల్లో సందర్శకులకు దారి చూపించే రోబోలు తయారుచేశాడు. జనం మధ్య ఎవరికీ తగలకుండా తిరగడం యంత్రానికి నేర్పాడన్నమాట. 2003లో స్టాన్‌ఫర్డ్‌కు మారాడు.

సరిగ్గా అప్పుడే అమెరికా రక్షణశాఖకు చెందిన పరిశోధన సంస్థ ‘డార్పా’ ఒక వింత పందెం పెట్టింది. మనిషి సాయం లేకుండా కారు ఎడారిలో పరుగెత్తాలి. గెలిస్తే పదిలక్షల డాలర్లు. 2004 మార్చిలో మొహావి ఎడారిలో పందెం జరిగింది. దూరం దాదాపు 229 కిలోమీటర్లు. అందరికన్నా ముందుకెళ్లిన బండి ఎంత దూరం పోయిందనుకుంటున్నారు? పన్నెండు కిలోమీటర్లు! కార్నెగీ మెలన్ తయారుచేసిన ఆ బండి ఓ మలుపు దగ్గర మట్టిగట్టు ఎక్కి కూర్చుంది. బహుమతి ఎవరికీ దక్కలేదు.

డార్పా మరుసటి ఏడాదికి బహుమతిని రెట్టింపు చేసింది. ఈసారి థ్రన్ బరిలో దిగాడు. ఫోక్స్‌వాగన్ టూరెగ్ కారును తీసుకుని దానికి ‘స్టాన్లీ’ అని పేరు పెట్టారు. టాప్‌మీద లేజర్లు, కెమెరా అమర్చారు. డిక్కీలో కంప్యూటర్లు పెట్టారు. ఎన్ని పరికరాలున్నా అసలు చిక్కు చూపులో కాదు, అర్థం చేసుకోవడంలో. లేజర్ పాతిక మీటర్ల దాకా దారిని చక్కగా పసిగడుతుంది. వేగంగా వెళ్లే కారుకు అది చాలదు. కెమెరా ఇంకా దూరం చూస్తుంది కానీ, నీడేదో గొయ్యేదో దానికి తెలియదు.

‘రాయి వస్తే ఇలా తిప్పు, గుంత వస్తే అలా తిప్పు’ అని ప్రతిదానికీ రూలు రాస్తూ పోతే ఎన్నని రాస్తాం? కాబట్టి థ్రన్ బృందం కారుకు నేర్చుకోవడం నేర్పింది. దగ్గర్లో ఏది మంచి దారో లేజర్ చెబుతుంది. ఆ నేల కెమెరాకు ఏ రంగులో కనిపిస్తుందో కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది. దూరంలో అదే రంగు కనిపిస్తే ‘అదీ దారే’ అనుకుని వేగం పెంచుతుంది. నేల మారితే మళ్లీ కొత్తపాఠం. మనం పిల్లలకు సైకిల్ నేర్పేటప్పుడు పుస్తకం చేతికివ్వం కదా!

2005 అక్టోబరు 8న స్టాన్లీ 212 కిలోమీటర్ల దారిని ఏడు గంటల లోపే పూర్తిచేసింది. దాదాపు పదకొండు నిమిషాల తేడాతో కార్నెగీ మెలన్ బండిని ఓడించింది. రెండేళ్ల తర్వాత, ఊరి వీధుల్లాంటి చోట జరిగిన పోటీలో కార్నెగీ మెలన్ బదులు తీర్చుకుంది. స్టాన్‌ఫర్డ్‌కు రెండో స్థానం దక్కింది.

ఇక మిగిలింది అసలు రోడ్డు. అప్పటికి గూగుల్‌లో చేరిన థ్రన్‌ను, ఎక్కడికైనా తనంతట తానే వెళ్లే కారు తయారుచేయమన్నాడు ల్యారీ పేజ్. సాధ్యంకాదన్నాడు థ్రన్. అవును, ఆ రంగంలో అందరికన్నా బాగా తెలిసినవాడే! ‘ఎందుకు కాదో సాంకేతికంగా ఒక్క కారణం చెప్పు’ అన్నాడు పేజ్. ఆలోచిస్తే ఒక్కటీ దొరకలేదట. ఈ సంగతి థ్రనే తర్వాత చెప్పుకొచ్చాడు. 2009లో పని మొదలైంది. నూరేసి మైళ్ల చొప్పున పది కష్టమైన దారులు ఎంచుకుని, మనిషి చెయ్యి పెట్టకుండా పూర్తిచేయాలన్నది లక్ష్యం. అదీ నెరవేరింది. బృందంలో కీలకమైన క్రిస్ ఉర్మ్‌సన్ ఎవరో కాదు, పందేల్లో కార్నెగీ మెలన్ తరఫున పోటీపడినవాడే. తర్వాత పగ్గాలు అతనికే వచ్చాయి. థ్రన్ 2012లో ‘ఉడాసిటీ’ పెట్టి ఆన్‌లైన్ చదువులవైపు మళ్లాడు.

ఆ ప్రాజెక్టే 2016లో ‘వేమో’ అనే కంపెనీ అయింది. 2020 అక్టోబరు నుంచి ఫీనిక్స్ ప్రాంతంలో డ్రైవరే లేని ట్యాక్సీ మామూలు జనానికి అందుబాటులోకి వచ్చింది. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్‌ఏంజెలెస్‌లకూ చేరింది.

అంతా సాఫీగా సాగిపోయిందా అంటే, లేదు. 2018 మార్చిలో అరిజోనాలోని టెంపీలో, రాత్రివేళ సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఉబర్ ప్రయోగాత్మక కారు ఢీకొట్టింది. ఆమె చనిపోయింది. కనిపెట్టుకుని ఉండాల్సిన మనిషి సీట్లోనే ఉన్నా ఆపలేకపోయారు. 2023 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో వేరే కారు ఢీకొని పడిపోయిన పాదచారిని ‘క్రూజ్’ కారు కొంతదూరం ఈడ్చుకెళ్లింది. మరుసటి ఏడాది చివర్లో ఆ ట్యాక్సీలకు డబ్బు పెట్టడం మానేస్తున్నట్టు జనరల్ మోటార్స్ ప్రకటించింది.

ఇంకో మాటా ఉంది. స్టీరింగే అన్నం పెడుతున్న కుటుంబాల సంగతేమిటి? డ్రైవర్ల ఉపాధి పోతుంది కాబట్టి మన దేశంలో ఇలాంటి కార్లను రానివ్వనని కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ 2017లో అన్నారు, 2023లోనూ అదే చెప్పారు. ఆ భయాన్ని కొట్టిపారేయలేం.

అలాగని రెండో వైపు లెక్కనూ పక్కన పెట్టలేం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ప్రపంచం మొత్తంమీద ఏటా దాదాపు 11.9 లక్షల మంది పోతున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో చెప్పింది. వాళ్లలో సగానికి పైగా నడిచేవాళ్లు, సైకిళ్లమీదా బైకులమీదా వెళ్లేవాళ్లు. యంత్రం చంపితే పేపర్లో పతాకశీర్షిక. మనిషి చంపితే లోపలిపేజీలో నాలుగు లైన్లు. ఆ నాలుగు లైన్ల వెనకా ఎక్కడో ఒక స్నేహితుడు మిగిలే ఉంటాడు.

యంత్రానికి నిద్ర రాదు. ఫోన్ మోగదు. మందు తాగదు. మిగతా తెలివంతా నేర్పడానికి ఇన్నేళ్లు పట్టింది కానీ, ఈ మూడూ దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. మనకేమో అవే కష్టం. గేదెలూ ఆటోలూ ఎదురుగా వచ్చే ట్రాక్టర్లూ ఉన్న మన రోడ్లమీదికి ఆ కారు ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో. అప్పటిదాకా హెల్మెట్ పెట్టుకోవాల్సిందీ, బ్రేకు వేయాల్సిందీ మనమే.