ముల్లు మాట నమ్మొచ్చా?

చిన్న విమానంలో ఎత్తు చూపే ఆల్టీమీటర్‌కి కింద నేల ఎక్కడుందో తెలీదు. అది కొలిచేది గాలి పీడనాన్ని. ఆ లెక్కతో సముద్రమట్టం నుంచి ఎత్తు చెబుతుంది. అమెరికాలోని డెన్వర్ నగరం ఉన్నదే 5,280 అడుగుల ఎత్తున. దాని మీద ఎగురుతుంటే ముల్లు 6,000 చూపినా నేలకి దూరం 720 అడుగులే! అక్కడి నిబంధనేమో, నగరాల మీద వెళ్లేటప్పుడు చుట్టూ 2,000 అడుగుల్లో ఉన్న అన్నిటికన్నా ఎత్తైన కట్టడానికి మరో వెయ్యి అడుగుల పైన ఉండాలంటోంది.

వాతావరణంతో ఇంకో చిక్కు. పీడనం తక్కువున్న చోటికి వెళ్తూ మీటరుని సరిచేయకపోతే, విమానం మెల్లగా కిందికి జారుతున్నా ముల్లు కదలదు. పాదరసం లెక్కలో అంగుళం తేడా అంటే దాదాపు వెయ్యి అడుగులు! పగలైతే ఎదురుగా కొండ కనిపిస్తుంది. రాత్రో, పొగమంచో అయితే..? అందుకే పైలట్లు దారిపొడవునా రేడియోలో తాజా పీడనం కనుక్కుని, ఆ అంకెకి మీటరుని తిప్పుతుంటారు.