మిలట్రీ అబ్బల పేర్లు ఊరూరా రాసిపెట్టాలి

కడప జిల్లాలో గుళ్ల ముంగిట, పొలాల గట్ల మీద ఈనాటికీ వీరగల్లులు కనిపిస్తాయి. పసుల మందను దొంగలు తోలుకుపోతుంటే అడ్డంపోయి చచ్చినవాడికి, ఊరి మీదికొచ్చిన దండును ఎదిరించి పడిపోయినవాడికి మన పూర్వీకులు రాయి నిలబెట్టారు. వెయ్యేళ్ల కిందటి అలాంటి మనుషుల పేర్లు కొన్నింటిని మనం ఇప్పటికీ చదవగలుగుతున్నాం. మరి ఎనభై ఏళ్ల కిందట రాజంపేట చుట్టుపక్కల నుంచి రెండో ప్రపంచయుద్ధానికి పోయినవాళ్ల పేర్లు చెప్పమంటే ఎన్ని ఊళ్లు చెప్పగలవు? పశ్చిమ గోదావరిలో ఇంటింటా సిపాయి ఉన్న మాధవరాన్ని లోకమంతా మిలటరీ మాధవరం అంటుంది. ఊరికి ఒకరిద్దరే పోయిన మనలాంటి చోట్ల ఆ ఇద్దరినీ గుర్తుపెట్టుకునేది వాళ్ల ఇల్లొక్కటే. మనవళ్ల తరం దాటితే అదీ ఉండదు. పంద్రాగస్టున శాలువా కప్పడం, డిసెంబర్ 7న సాయుధ దళాల జెండా బిళ్ల కొనడం మంచివే. కానీ యుద్ధం చూసిన తాతకు చేయాల్సిన మొదటి మర్యాద ఆయన పేరు, పటాలం, పోయిన చోటు ఊరి లెక్కలోకి ఎక్కించడం.

తెల్లదొర సైన్యంలో చేసినవాళ్లకు గౌరవమేమిటని అడిగేవాళ్లున్నారు. 1942లో క్విట్ ఇండియా అని జైళ్లకు పోయినవాళ్లను తలుచుకుంటే ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే వీరగల్లు మీది మనిషి ఏ రాజు కోసం పోరాడాడో, ఆ రాజు మంచివాడో కాదో లెక్క చూసి మనం దండం పెట్టడం లేదు. రాయి మనిషిది, రాజుది కాదు. పైగా ఆ యుద్ధంలో చేరిన దాదాపు 25 లక్షల మంది భారతీయులు బ్రిటిష్ భక్తులేమీ కారు. సింగపూర్‌లో పట్టుబడినవాళ్లలో వేలమంది సుభాష్ చంద్రబోస్ ఫౌజులో చేరారు. 1946 ఫిబ్రవరిలో నావికాదళం తిరగబడ్డప్పుడు, ఈ యూనిఫారాన్ని నమ్ముకుని ఇక ఏలలేమని దొరలకే అర్థమైంది. పోరాటానికి పనికిరారని తెలుగు, తమిళ సిపాయిలను పక్కనబెట్టి, 1920లలో మద్రాసు పదాతి పటాలాలను రద్దు చేసిందీ ఆ ప్రభుత్వమే. యుద్ధం ముంచుకొచ్చాక మద్రాస్ రెజిమెంట్‌ను మళ్లీ లేపింది. మనవాళ్లు బర్మా అడవుల్లో నిలబడి ఆ మాట అబద్ధమని చూపించారు.

ఇది యుద్ధాన్ని పొగడటం కాదా అన్నది ఇంకో అభ్యంతరం. అబద్ధం రాస్తే అవుతుంది. పోయినవాళ్లందరూ తుపాకీ పట్టినవాళ్లు కారు. లారీ తోలినవాళ్లు, వంతెనలు కట్టిన సాపర్లు, వంటవాళ్లు, గాయపడినవాళ్లను మోసినవాళ్లు ఎందరో. వానలు లేక, జీతం కోసం పోయినవాడిని దేశభక్తుడిగా తీర్చిదిద్దనక్కరలేదు. ఎందుకు పోయాడో అదే రాయాలి. ఈ రోజు రాజంపేట, కోడూరు, రాయచోటి నుంచి కువైట్ విమానమెక్కే పిల్లవాడికి ఆ కారణం ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

అసలు కష్టం కాగితాలది. సిపాయికి పెన్షన్ రావాలంటే 15 ఏళ్ల సర్వీసుండాలి. యుద్ధం అయిపోగానే ఇంటికి పంపేసినవాళ్లలో చాలామందికి అంత సర్వీసు లేదు, కాబట్టి పెన్షనూ లేదు, పెన్షన్ ఫైలూ లేదు. చనిపోయినవాళ్ల వివరాలైతే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో ఇంట్లో కూర్చునే వెతుక్కోవచ్చు. బతికొచ్చినవాళ్లకు ఆ పాటి ఆధారమూ లేదు. లాహోర్ మ్యూజియంలో పడి ఉన్న మొదటి ప్రపంచయుద్ధం నాటి రిజిస్టర్లను బయటికి తీసి, పంజాబ్ సైనికులు 3,20,000 మంది వివరాలను 2021లో ఆన్‌లైన్‌లో పెట్టడం మొదలుపెట్టారు. ఎక్కడో బ్రిటన్‌లో ఉన్న మనవళ్లు తాతల ఊరి పేరు కొట్టి వెతుక్కుంటున్నారు. అలాంటి రిజిస్టరు కోసం మనం కాచుకుని కూర్చోలేం. మన రిజిస్టర్లు ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి: డిశ్చార్జి బుక్కు, బర్మా స్టార్ పతకం, యూనిఫారంలో దిగిన ఒక ఫోటో. 1945లో పద్దెనిమిదేళ్లున్నవాడు బతికుంటే వందకు చేరువయ్యుంటాడు. 1971లో తూర్పు పాకిస్తాన్ సరిహద్దుకు పోయినవాళ్లూ డెబ్బై దాటారు. వాళ్లనైనా అడిగి రాసుకునే వీలు ఇప్పుడుంది. ప్రతి గ్రామ సచివాలయంలో ఒక పుస్తకం పెట్టి, హైస్కూలు పిల్లల చేత ఇంటింటా అడిగించి, ఆ కాగితాలకు ఫోటో తీసి ఒక నకలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పంపడానికి పెద్ద నిధులేమీ అక్కరలేదు. వచ్చే జెండా దినం లోపు రాజంపేట మండలంలోనే మొదలుపెట్టొచ్చు.