న్యాయానికి గేటు టికెట్టా?

అప్పు తీసుకున్నోడు ఎగ్గొట్టినా, పాలోడు గెట్టు జరిపినా ‘కోర్టుకు పో’ అంటారు. పోతే మొదట ఎదురయ్యేది జడ్జి కాదు, స్టాంపు. దావా విలువ ఎంతో చెప్పు, దాని మీద ఇంత కట్టు అంటారు. కడితేనే కాగితం లోపలికి పోతుంది. ఇల్లు దోచుకున్నారని ఠాణాకు పోతే ఫిర్యాదుకు ఫీజు అడుగుతారా? అడిగితే ఊరుకుంటామా? మరి కోర్టులో ఎందుకు ఊరుకుంటున్నామో మనల్ని మనమే అడగాలి.

దీనికి చెప్పే సాకు పాతదే. బెంగాల్‌లో కారన్‌వాలీస్ 1793లో కోర్టు ఫీజు ఎత్తేశాడు. రెండేళ్లు తిరగకముందే, 1795లో, కంపెనీ సర్కారు మళ్లీ పెట్టింది. తప్పుడు దావాలు ఎక్కువయ్యాయట, వాటిని ఆపడానికట! మన చదువుల మీద మెకాలే నోరు పారేసుకున్నది మనం మరువలేదు గానీ, ఈ ఒక్క విషయంలో ఆయన సరిగ్గానే మాట్లాడాడు. ఆ రెగ్యులేషన్ పీఠికంత అర్థం లేనిది ఇంకోటి లేదని తేల్చేశాడు. ఫీజుకు నిజం, అబద్ధం తెలియదు. జేబు ఒక్కటే తెలుసు.

ఆ సాకు ఎంత బోగసో మెకాలే దేశంలోనే రుజువైంది. 2013 జులైలో బ్రిటన్ సర్కారు కార్మికుల ట్రిబ్యునళ్లలో ఫీజు పెట్టింది. ఆగిన జీతం కోసం పోతే విచారణ దాకా 390 పౌండ్లు. అన్యాయంగా కొలువు తీసేశారని పోతే 1,200 పౌండ్లు. కేసులు మూడింట రెండు వంతులు పడిపోయాయి. పోయినవి తప్పుడు కేసులే అయితే మిగిలినవాటిలో గెలిచేవి పెరగాలి కదా? పెరగలేదు, కొంచెం తగ్గాయి. కడు పేదలకు మినహాయింపు ఉండింది నిజమే. కానీ చిన్న జీతాల కుటుంబాలు తిండి, బట్ట ఖర్చులు కోసుకుంటే తప్ప కట్టలేని పరిస్థితి వచ్చింది. పైగా రావాల్సిన కూలీ కన్నా ఫీజే ఎక్కువైతే కోర్టుకు ఎవడు పోతాడు? యూనిసన్ అనే కార్మిక సంఘం కొట్లాడింది. 2017 జులై 26న అక్కడి సుప్రీంకోర్టు ఆ ఫీజులను చట్టవిరుద్ధమని కొట్టేసింది. న్యాయాన్ని అమ్మబోనని 1215లో జాన్ రాజు ఒప్పుకున్న మాగ్నా కార్టాను కూడా గుర్తు చేసింది. వసూలు చేసిన పైసలు సర్కారు వాపసు ఇవ్వాల్సి వచ్చింది.

ఫ్రాన్స్ 2011లో 35 యూరోల రుసుం పెట్టి 2014లో ఎత్తేసింది. స్పెయిన్ 2012లో ఫీజులు పెంచి, 2015లో మామూలు మనుషులను వాటినుంచి తప్పించింది. ఫీజులుండే అమెరికాలో సైతం, కట్టలేరన్న కారణంతో పేదల విడాకుల దావాకు తలుపు మూయొద్దని 1971లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక మన సంగతి. 1956 నాటి కోర్టు ఫీజుల చట్టమే ఇప్పటికీ నడుస్తున్నది. 2014లో రాష్ట్రం వచ్చాక చట్టం పేరులో తెలంగాణ చేరింది, దావా విలువను బట్టి గుంజే పద్ధతి అట్లనే ఉంది. పేదలకు దారి లేదా అంటే ఉంది. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసేవ ఇవ్వాలని 1987 చట్టం చెబుతున్నది. అందులో కోర్టు ఫీజు కూడా కలిసే ఉంది. ఈ ముక్క ఎన్ని ఊళ్లలో తెలుసు? మిగతా గరీబోళ్లకు సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 33వ ఆర్డర్ ఉంది. తన దగ్గర ఏమీ లేదని కోర్టు ముందు రుజువు చేసుకోవాలి. అంటే అసలు కేసుకు ముందు తన పేదరికం మీద ఇంకో కేసు! తీరా గెలిస్తే, వచ్చినదాంట్లోంచి ఆ ఫీజు సర్కారుకు మొదట జమ కావాలి.

అబద్ధపు దావాలను ఆపాలంటే అబద్ధమని తేలినవాణ్ని పట్టుకోవాలి. అదే కోడ్‌లో 35ఎ సెక్షన్ అందుకే ఉంది. తెలిసి తెలిసి తప్పుడు దావా వేసినవాడు ఎదుటివాడికి ఇవ్వాల్సిన పరిహారం, వాణిజ్య వివాదాలు తప్పిస్తే, 3,000 రూపాయలు దాటరాదు! నిజాయితీపరుడు అంతకు ఎన్నో రెట్లు ముందుగానే కట్టి లోపలికి పోతున్నాడు.

సుప్రీంకోర్టు మినహా మిగతా కోర్టుల ఫీజు రాష్ట్రాల జాబితాలోని అంశం. ఢిల్లీని బతిమాలే పని లేదు. వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల దాకా సరుకుకు ఫీజు లేదు. కూలి పైసల దావాకు, చిన్న రైతు గెట్టు పంచాయితీకి అదే వర్తింపజేయమని మేము అడుగుతున్నాం. అసెంబ్లీలో ఒక్క సవరణ చాలు.